ఆకాశం పరీక్షను గదిలో చేయడం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ పనికి దగ్గరగా ఉండాలి, పిల్లలకు అర్థం కావాలి, పెద్దలకు నిద్ర రాకూడదు" అని కార్యవర్గం వాళ్లు మూడు షరతులు పెట్టి నన్ను మాట్లాడమన్నారు. నా పని శూన్యం. నవ్వకండి, నిజంగా అదే. ఇనుప పేటికల్లోంచి గాలి తీసేయడం, అందులో వేల వోల్టుల కరెంటు పెట్టడం, లోపల ఏం జరుగుతుందో కొలవడం. ముప్పై ఏళ్లుగా జీతం దాని మీదే వస్తోంది. కనుక శూన్యం గురించే చెబుతాను. ఆకాశంలో నూటయాభై కిలోమీటర్ల ఎత్తున చేసిన ఒక ప్రయోగాన్ని నేల మీద ఒక గదిలో మళ్లీ ఎలా చేశారు, ఎందుకు చేయాల్సి వచ్చింది అన్నది విషయం.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధిని దేనికి ఖర్చు పెట్టాలో తేలాలి. బడి ముందు ఆర్చి కట్టాలని ఒక ప్రతిపాదన, ఫిజిక్సు ల్యాబును మళ్లీ తెరవాలని ఇంకొకటి. నేను రెండో పక్షం. మాటల మధ్యలో దొంగచాటుగా చొప్పించాడని తర్వాత ఎవరూ అనకుండా ఇప్పుడే చెబుతున్నాను.

పై వాతావరణం అంటే మనకు సంబంధం లేనిదని అనుకోకండి. నా వయసు వాళ్లందరూ దాన్ని రోజూ వాడుకున్నవాళ్లే. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్నవాళ్లు ఎంతమంది? చేతులు చాలానే లేచాయి. ఆ పాట సిలోన్ నుంచి తిన్నగా మన ఇంటికి రాలేదు. భూమి గుండ్రంగా ఉంది, తరంగం తిన్నగా పోతుంది. పైకి పోయి, అయనావరణం అనే పొరకు తగిలి, కిందికి వంగి వచ్చింది. సూర్యకాంతి అక్కడి పలచని గాలిలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. ఆ విడి ఎలక్ట్రాన్లే రేడియో తరంగాన్ని వంచుతాయి. పాట మధ్యలో గొంతు దగ్గరకు వచ్చి దూరమైనట్టు ఉండేది, గుర్తుందా? రేడియో పాడైందని నెత్తి మీద ఒకటి కొట్టేవాళ్లం. పాపం రేడియోది తప్పు కాదు, పైనున్న పొర కదులుతుండేది.

ఆ పొర గురించిన పరిశోధన మన తెలుగు నేల మీద బాగా పాతది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు గారు దాని కోసమే ఒక బృందాన్ని తయారుచేశారు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన దేశంలో మొదటి పరిశోధక రాకెట్ ఎగిరింది. భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ పక్కగా పోతుంది కాబట్టే ఆ చోటును ఎంచుకున్నారు. శ్రీహరికోట నుంచి మొదట ఎగిరింది కూడా ఉపగ్రహం మోసే పెద్ద రాకెట్ కాదు. 1971 అక్టోబరు 9న ఎగిరిన చిన్న రోహిణి-125. తిరుపతి దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాలు పరిచిన రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద ఇప్పటికీ ఈ పొరలను చూస్తూనే ఉంది. ఆ సంస్థ ఇవాళ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల.

ఎత్తులు చెబితే పిల్లలకు పట్టుబడవు. ఒక పని చేద్దాం. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే మన హైవేను ఎత్తి నిలువుగా నిలబెట్టండి. టాటా సంస్థ వాళ్లు హైదరాబాదు నుంచి వదిలే పరిశోధన బెలూన్లు ముప్పై నలభై కిలోమీటర్లు పోతాయి, అంటే చౌటుప్పల్ కూడా చేరవు. వాటి పరికరాలు పారాచూట్ మీద మన తెలంగాణ పల్లెల పొలాల్లోనే దిగుతుంటాయి. నార్కట్‌పల్లి దాకా పోతే ఎనభై కిలోమీటర్లు. ఉల్కలు మండి రాలే చోటు సుమారుగా అదే. నకిరేకల్ దగ్గర నూటఐదు. తుంబా మీదుగా పగటిపూట విద్యుత్తు నదిలా పారే పొర అక్కడ ఉంటుంది. సూర్యాపేట నూటముప్పై పైచిలుకు, కోదాడ నూటఎనభైకి దగ్గర. నేను చెప్పబోయే కథ సూర్యాపేటకీ కోదాడకీ మధ్య జరుగుతుంది. కాకపోతే రోడ్డు నిలువుగా ఉంది.

ఇప్పుడు ఎలక్ట్రాన్ పుంజం. ఇది కూడా మీ ఇళ్లలో ఉన్నదే. పాత టీవీ, వెనక పెద్ద బొజ్జ ఉన్నది. ఆ బొజ్జలో ఉన్నది గాలి తీసేసిన గాజు సీసా. దాని మెడలో ఒక సన్నటి తీగ ఎర్రగా కాగుతుంది, ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. బ్లాక్ అండ్ వైట్ టీవీలో పది పదిహేను వేల వోల్టులతో, రంగుల టీవీలో పాతిక వేల వోల్టులతో వాటిని ముందుకు లాగితే తెరకు గుద్దుకుని వెలుగుతాయి. పది వేల వోల్టులు చూసిన ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు 58 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంది. రామాయణం సీరియల్ చూసిన ఆదివారాల్లో ఇంటికొక ఎలక్ట్రాన్ తుపాకీ మన వైపే గురిపెట్టి ఉండేది. మనం అరుగు మీద నిండుగా కూర్చుని చూశాం.

1960ల చివర్లో కొందరు శాస్త్రజ్ఞులకు ఒక ఆలోచన వచ్చింది. ధ్రువాల దగ్గర రాత్రిపూట ఆకాశంలో వెలుగు తెరలు ఊగుతాయి కదా, ధ్రువకాంతి అంటాం. అంతరిక్షం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు గాలికి తగలడం వల్లే అవి పుడతాయి. మరి అదే పనిని మనమే చేస్తే? టీవీ సీసాలోని తుపాకీకి పెద్దన్నను రాకెట్‌లో పెట్టి ఆకాశంలోకి కాల్చితే? అమెరికాలో విల్మోట్ హెస్ బృందం 1969 జనవరి 26న వాలప్స్ ద్వీపం నుంచి అదే చేసింది. సుమారు పది వేల వోల్టులు, అర ఆంపియరు. గుణిస్తే ఐదు కిలోవాట్ల లోపు. మన రైతులకు అర్థమయ్యే లెక్కలో చెబితే బావి మీది ఐదు హెచ్‌పీ మోటారుకు కాస్త ఎక్కువ, ఏడున్నర మోటారుకు కాస్త తక్కువ. అంత శక్తితో నేల మీది సున్నితమైన టీవీ కెమెరాలకు కనిపించేంత కృత్రిమ ధ్రువకాంతిని పుట్టించారు. మరుసటి ఏడాది మినెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ వింక్లర్ 'ఎకో' అనే వరుస ప్రయోగాలు మొదలుపెట్టాడు. పంపిన ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత రేఖ వెంట అవతలి అర్ధగోళానికి పోయి, అక్కడ అద్దానికి తగిలినట్టు తిరిగి వస్తాయా అని చూడడం దాని ఉద్దేశం. 1975లో ఫ్రెంచి వాళ్లు, రష్యా వాళ్లు కలిసి 'అరాక్స్' చేశారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో కెర్గెలెన్ దీవుల నుంచి రాకెట్, పదిహేను వేల, ఇరవై ఏడు వేల వోల్టులు. ఆ ఎలక్ట్రాన్లు పోయి దిగే చోటు రష్యా ఉత్తరాన ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతం. అయస్కాంత రేఖ ఎంత పొడవున్నా ఆ వేగానికి అది ఒక సెకను లోపు ప్రయాణం. అక్కడ రాడార్లు పెట్టుకుని కాచుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఇక్కడ మొదలైంది. పదో తరగతి పిల్లలు ఇప్పుడు కొంచెం లెక్క చేయాలి.

రాకెట్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికి పోతున్నాయి. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. అవి పోయేకొద్దీ రాకెట్ ధనావేశంతో మిగులుతుంది. నేల మీదైతే ఎర్త్ వైరు ఉంటుంది. నూటయాభై కిలోమీటర్ల ఎత్తున ఎర్త్ ఎక్కడిది? మీటరు వ్యాసార్థం ఉన్న లోహపు గోళం ఆవేశాన్ని దాచుకునే శక్తి చాలా తక్కువ, సుమారు 111 పికోఫారడ్లు. సెకనుకు అర కూలుంబు చొప్పున ఆవేశం బయటికి పోతుంటే ఆ గోళం పది వేల వోల్టులకు ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? పుస్తకంలోని సూత్రమే, ఆవేశం భాగించు వోల్టేజీ. చేసి చూడండి. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు. ఆ తర్వాత ఏం కావాలి? పది వేల వోల్టులతో బయలుదేరిన ఎలక్ట్రాన్‌ను పది వేల వోల్టుల ధనావేశం ఉన్న రాకెట్ వెనక్కి లాగేసుకోవాలి. విసిరిన బంతి గుమ్మం దాటకుండా చేతిలోకి వచ్చినట్టు. అసలు పుంజమే బయటికి పోకూడదు.

హెస్ ఈ లెక్క తెలిసినవాడే. అందుకే రాకెట్‌కు అల్యూమినియం పూత పూసిన పెద్ద పలచటి తెరను గొడుగులా విప్పే ఏర్పాటు చేశాడు. చుట్టూ ఉన్న అయనావరణంలోంచి ఎలక్ట్రాన్లను పోగుచేసి నష్టాన్ని పూడ్చడానికి. అరాక్స్ వాళ్లు సీజియం ప్లాస్మాను వదిలే పరికరం పెట్టారు. కానీ తర్వాతి ప్రయోగాల్లో తేలిందేమిటంటే, గొడుగులు లేకపోయినా చాలాసార్లు పుంజం హాయిగా బయటికి పోతోంది. రాకెట్ వోల్టేజీ లెక్క చెప్పినంత ఎక్కడం లేదు. ఎక్కడినుంచో ఎలక్ట్రాన్లు తిరిగి వస్తున్నాయి, చుట్టూ ఉన్న అయనావరణం ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ వస్తున్నాయి. అప్పు ఎవరు తీరుస్తున్నారో తెలియడం లేదు.

రాకెట్‌తో దీన్ని తేల్చడం కష్టం. కొన్ని నిమిషాల ప్రయాణం, ఒకసారి పోతే తిరిగి రాదు. ఒక వోల్టేజీ, ఒక ఎత్తు, అంతే. "పీడనం మార్చి ఇంకోసారి చూద్దాం" అనడానికి ఉండదు. అందుకే గదిలో చేయాలన్నారు.

గదిలో చేయడం అంటే ఏమిటో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు తాగిన మనకు వేరేవాళ్లు చెప్పనక్కరలేదు. పెద్ద ఆనకట్టల పొర్లుకట్టను కట్టేముందు ఇంజినీర్లు దానికి చిన్న నమూనా కట్టి నీళ్లు పారించి చూస్తారు. హైదరాబాదు శివార్లలో హిమాయత్‌సాగర్ దగ్గర ఈ పని కోసమే ఇంజినీరింగ్ పరిశోధనశాల ఉంది. అందులో ఒక కిటుకు ఉంది. నమూనా వందో వంతు చేస్తే నీటి వేగం వందో వంతు కాదు, పదో వంతు ఉండాలి. బరువుకూ వేగానికీ ఉన్న నిష్పత్తి మారకూడదు కాబట్టి. అయితే నీటి జిగట, తలతన్యత మాత్రం వందో వంతుకు తగ్గవు, నీళ్లు నీళ్లే. కాబట్టి నమూనాలో అన్నీ ఒకేసారి కుదరవు. ఏది ముఖ్యమో అది కుదిర్చి, కుదరనిది ఎంత దెబ్బతీస్తుందో అంచనా వేసుకోవాలి. నమూనా కట్టేవాడి తెలివంతా ఏది వదిలేయాలో తెలుసుకోవడంలోనే ఉంటుంది.

ఎలక్ట్రాన్ల విషయంలో వదలకూడనివి పీడనం, భూమి అయస్కాంత క్షేత్రం. పీడనం దించడం కష్టమైనా తెలిసిన పని. అయస్కాంత క్షేత్రంతోనే పేచీ. అందులో ఎలక్ట్రాన్ తిన్నగా పోదు, గింగిరాలు తిరుగుతుంది. పది వేల వోల్టుల ఎలక్ట్రాన్ అర గాస్ క్షేత్రంలో అడ్డంగా పోతే తిరిగే చుట్టు వ్యాసార్థం సుమారు ఏడు మీటర్లు. అంటే ఒక్క చుట్టుకే పద్నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. మన బడి తరగతి గదిలో పట్టదు. ఎవరి ల్యాబులో పడుతుంది?

పట్టే గది ఒకటి ఉంది. అమెరికాలో హ్యూస్టన్‌లో, జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో, 'ఛాంబర్ ఎ' అనే శూన్యపేటిక. ఎత్తు ముప్పై ఆరు మీటర్ల పైన, అడ్డం దాదాపు ఇరవై మీటర్లు. చంద్రుడి మీదికి పోయే అపోలో నౌకను పరీక్షించడానికి కట్టారు. 1968లో ముగ్గురు వ్యోమగాములు అందులో, శూన్యం మధ్యలో నౌకలోనే వారానికి పైగా గడిపారు. ఈ మధ్య 2017లో జేమ్స్ వెబ్ టెలిస్కోపును కూడా అక్కడే పరీక్షించారు. బయట హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచుతుంటే లోపల టెలిస్కోపు చల్లగా పరీక్ష రాసుకుంటూ ఉంది. అపోలో రోజులు అయిపోయాక, 1970ల చివర్లో, విలియం బెర్న్‌స్టీన్, పాల్ కెల్లాగ్ తదితరులు ఆ పేటికను ఎలక్ట్రాన్ పుంజం కోసం తీసుకున్నారు. ఒకటి రెండు వేల వోల్టులు, పదుల మిల్లీఆంపియర్లు, భూమి క్షేత్రంతో పోల్చదగిన అయస్కాంత క్షేత్రం, పుంజానికి ఇరవై మీటర్ల దారి. పీడనం సూర్యాపేటకీ కోదాడకీ మధ్య. మన నిలువు హైవే లెక్కలో.

అక్కడ వాళ్లు చూసింది ఇది. కరెంటు తక్కువగా ఉన్నప్పుడు పుంజం సన్నటి తీగలా, గింగిరాలు తిరుగుతూ కనిపిస్తుంది. పుస్తకంలో చెప్పినట్టే. కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు. కాసేపు ఏమీ కాదు. ఒక హద్దు దాటగానే ఉన్నట్టుండి ఆ గింగిరాల రూపం చెరిగిపోతుంది. పుంజం ఉబ్బి, లావుపాటి వెలుగు స్తంభం అవుతుంది. కాంతి ఎన్నో రెట్లు పెరుగుతుంది, రేడియో పరికరాల్లో హోరు పుడుతుంది, చుట్టూ విడి ఎలక్ట్రాన్లు గుంపులుగా పుట్టుకొస్తాయి. దీనికి పుంజ-ప్లాస్మా ఉత్సర్గం అని పేరు. ఎంఐటీలో గెట్టీ, స్ములిన్ 1960లలోనే చిన్న నాళాల్లో దీన్ని చూశారు. కానీ ఆకాశంలో ఉన్నంత పలచని గాలిలో, ఆకాశంలో ఉన్నంత బలహీనమైన అయస్కాంతంలో కూడా ఇది అంటుకుంటుందని ఈ పెద్ద పేటిక చూపించింది.

ఎందుకు అంటుకుంటుంది? పుంజంలోని ఎలక్ట్రాన్లు నేరుగా గాలి అణువులకు గుద్దుకుని కొన్ని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ పలచదనంలో ఆ గుద్దుళ్లు తక్కువ, దాంతో ఇంత వెలుగు రాదు. అసలు పని తరంగాలు చేస్తాయి. వేగంగా పోయే పుంజం, నెమ్మదిగా ఉన్న ఎలక్ట్రాన్ల గుంపులోంచి దూసుకుపోతుంటే ఆ గుంపు ఊగడం మొదలుపెడుతుంది. గాలికి వరిచేను ఊగినట్టు అనుకోండి. ఆ ఊపు ముదిరితే నెమ్మదిగా ఉన్న ఎలక్ట్రాన్లు కూడా వేడెక్కి, అవి కూడా అణువులను పగలగొట్టే స్థితికి వస్తాయి. నత్రజని అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడాలంటే పదిహేనున్నర ఎలక్ట్రాన్ వోల్టుల పైన చాలు. పగిలినకొద్దీ కొత్త ఎలక్ట్రాన్లు, గుంపు పెరిగినకొద్దీ ఊపు. పుట్టేవి కారిపోయేవాటికంటే ఎక్కువైన క్షణాన అంటుకుంటుంది. ట్యూబ్‌లైటు స్టార్టరు టకటకమని రెండుసార్లు కొట్టుకుని, ఒక్కసారిగా ట్యూబంతా వెలగడం చూశారు కదా. లోపలి కారణం వేరే అయినా చూపు అలాంటిదే.

హద్దు ఎక్కడుందో కూడా వాళ్లు కొలిచారు. వోల్టేజీ పెంచితే హద్దు కరెంటు పెరుగుతుంది. రెట్టింపు వోల్టేజీకి సుమారు రెండు పాయింటు ఎనిమిది రెట్లు. పీడనం పెరిగినా, పుంజం పోయే దారి పొడవు పెరిగినా, అయస్కాంత క్షేత్రం పెరిగినా తగ్గుతుంది. ఇప్పుడు రాకెట్ చిక్కుకు సమాధానం దొరికింది. రాకెట్ కొంత ఎత్తు వరకూ ఈ హద్దు దాటే ఉంటుంది. తన చుట్టూ తనే ప్లాస్మాను పుట్టించుకుని, అందులోంచి ఎలక్ట్రాన్లను తిరిగి తీసుకుంటుంది. అప్పు తీర్చేది బయటివాడు కాదు. పుంజమే అక్కడికక్కడ ముద్రించుకుంటోంది.

అయితే నేను పేటికల వాడిని కాబట్టి పేటిక లోపం కూడా చెప్పాలి. ఆ సూత్రంలో 'దారి పొడవు' అని ఒక అంకె ఉంది. పేటికలో అది ఇరవై మీటర్లు, తర్వాత ఇనుప గోడ. ఆకాశంలో గోడ లేదు. అక్కడ ఏ అంకె వేయాలి? వంద మీటర్లా, కిలోమీటరా? ఇంకోటి, పేటిక గోడ ఎర్త్ అయి ఉంటుంది. కరెంటు ఆ గోడ గుండా సుఖంగా తిరిగి వస్తుంది. రాకెట్‌కు లేని సౌకర్యం అది. తిరిగి వచ్చే కరెంటే అసలు ప్రశ్న అయినప్పుడు, తిరిగి రావడానికి ముందే దారి వేసి పెట్టిన గదిలో పరీక్ష చేస్తే ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి? ఇది చిన్న అభ్యంతరం కాదు. అందుకే మళ్లీ ఆకాశంలోకే పోయారు. 1983 నవంబరులో కొలంబియా షటిల్‌లో జపాన్ వాళ్ల 'సెపాక్' ఎలక్ట్రాన్ తుపాకీ వెళ్లింది. అక్కడ షటిల్ నిజంగానే ఆవేశం ఎక్కింది. తుపాకీ దగ్గర కొంచెం గ్యాసు వదిలితే ఆ ఆవేశం తగ్గింది. గ్యాసు వదలడం అంటే పీడనం పెంచడం. గది చెప్పిన మాట దిశ సరైనదేనని తేలింది. అంకెల దగ్గర మాత్రం గదిని అక్షరాలా నమ్మకూడదని నా అభిప్రాయం. దిశకు నమూనాను నమ్మాలి, అంకెకు ఆకాశాన్నే అడగాలి.

ఆకాశాన్ని గదిలోకి దించినవాళ్లలో వీళ్లు మొదటివాళ్లు కారు. అంతకు డెబ్బై ఏళ్ల ముందే నార్వేలో క్రిస్టియన్ బిర్కెలాండ్ ఒక గాజు పేటికలో అయస్కాంతపు గోళాన్ని వేలాడదీసి, గాలి తీసి, ఎలక్ట్రాన్లను దాని మీదికి వదిలాడు. ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు వచ్చాయి. ధ్రువకాంతికి కారణం బయటినుంచి వచ్చే ఆవేశ కణాలని, విద్యుత్తు అయస్కాంత రేఖల వెంట దిగుతుందని అన్నాడు. సిడ్నీ చాప్‌మన్ లాంటి దిగ్గజం ఒప్పుకోలేదు. ఇంకో అర్ధశతాబ్దం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లలో ఉపగ్రహాలు పోయి కొలిస్తే ఆ కరెంటు అక్కడే ఉంది. ఇప్పుడు దానికి ఆయన పేరే. ఆయన 1917లోనే టోక్యోలో చనిపోయాడు.

మన ఆయకట్టు రైతులకు ఆయన ఇంకో రకంగా కూడా చుట్టం. ఆ పరిశోధనలకు డబ్బు కావాల్సి వచ్చి, సామ్ ఐడె అనే ఇంజినీరుతో కలిసి, విద్యుత్ చాపాన్ని అయస్కాంతంతో పళ్లెంలా పరిచి, గాలిలోని నత్రజనిని కాల్చి ఎరువు తయారుచేశాడు. 1905లో పుట్టిన నార్స్క్ హైడ్రో కంపెనీ మొదలైంది దానితోనే. తర్వాత వేరే పద్ధతి చవకై, దీన్ని పక్కకు నెట్టేసింది. యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి నిలబడ్డవాళ్లు ధ్రువకాంతి పరిశోధకుడొకడు గాలిలోంచి ఎరువు తీశాడని గుర్తుంచుకోవాలని నా కోరిక.

మన దేశంలోనూ గదిలో ఆకాశం కట్టారు. అహ్మదాబాదులో భౌతిక పరిశోధన ప్రయోగశాలలో పి.ఐ. జాన్, వై.సి. సక్సేనా 1975లో, ఆ నకిరేకల్ ఎత్తులో పారే విద్యుత్ నదిలో పుట్టే అలజడిని ప్రయోగశాల ప్లాస్మాలో పుట్టించి చూపించారు. తుంబా రాకెట్లు పైన కొలిచిన విషయానికి కింద సాక్ష్యం దొరికింది. ఆ ప్లాస్మా బృందమే పెరిగి 1986లో ప్లాస్మా పరిశోధన సంస్థ అయింది. ఇస్రోతో కలిసి అక్కడ ఉపగ్రహాల సౌర ఫలకాలను శూన్యపేటికలో ప్లాస్మా మధ్య పెట్టి, ఏ వోల్టేజీ దగ్గర మెరుపు కొడతాయో పరీక్షించారు. రాకెట్ ఆవేశం ఎక్కడం గురించిన పాత ప్రశ్న ఇప్పుడు డబ్బు ప్రశ్న అయింది. సౌర ఫలకం మీద ఒక్క మెరుపు చాలు, కోట్ల విలువైన ఉపగ్రహానికి కరెంటు సగం పోవచ్చు. ఉపగ్రహం పైకి పోయాక రిపేరుకు మెకానిక్‌ను పంపలేం.

ఇక మన ల్యాబు. మా రోజుల్లో అక్కడ ఒక ఉత్సర్గ నాళం, ప్రేరణ తీగచుట్ట ఉండేవి. ఇప్పుడు ఆ గదిలో బెంచీలు పేర్చి ఉన్నాయి. నిన్న చూసి వచ్చాను. "ఇప్పుడు స్మార్ట్ బోర్డు ఉంది కదా, అన్ని ప్రయోగాలూ తెర మీద చూపించొచ్చు, గాజు సామాను ఎందుకు" అని నిన్న రాత్రి ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే, అందుకే సభలో జవాబు చెబుతున్నాను. తెర మీది ప్రయోగంలో మనం పెట్టిందే బయటికి వస్తుంది. కరెంటు పెంచితే పుంజం ఉబ్బాలని ముందే రాసి ఉంటే ఉబ్బుతుంది, రాయకపోతే ఉబ్బదు. హ్యూస్టన్ పేటికలో పుంజం ఎవరూ రాయకుండానే ఉబ్బింది. నేను కంప్యూటరుకు శత్రువును కాను, నా పనిలో సగం దాని మీదే. కానీ పిల్లవాడు ఒక్కసారైనా తన చేతిలోని అయస్కాంతాన్ని దగ్గరకు తెచ్చి వెలుగు వంగడం చూడాలి. తర్వాత తెర మీద ఎన్ని చూసినా ఫరవాలేదు.

ఖర్చు గురించి భయపడుతున్నారు. పెద్ద పంపు అక్కరలేదు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ గ్యాసు నింపేముందు గొట్టాల్లో గాలి తీయడానికి వాడే చిన్న రోటరీ పంపు చాలు. సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఏసీ షాపుల్లో ఉంటుంది. అది నాళంలో పీడనాన్ని పాదరసం మిల్లీమీటరులో పదో వంతు దాకా తేలిగ్గా దించుతుంది. మన నిలువు హైవే మీద చౌటుప్పల్ దాటి అరవై కిలోమీటర్ల పైకి. బెలూన్ పోలేని ఎత్తుకు ఏసీ మెకానిక్ పంపు తీసుకుపోతుందన్నమాట. పీడనం దిగుతుంటే మొదట సన్నటి ఊదా దారాలు, తర్వాత గులాబీ రంగు స్తంభం, ఆ తర్వాత అందులో పొరలు పొరలుగా చారలు, కాథోడ్ దగ్గర చీకటి. ఒక్కో ఎత్తులో ఒక్కో ఆకాశం.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా ఉండాలి, ఇవి నేను రాసిచ్చాను. వోల్టేజీకి, కరెంటుకు హద్దు ఉన్న సప్లయి మాత్రమే కొనాలి. శూన్యం మరీ ఎక్కువైతే, వోల్టేజీ మరీ పెరిగితే ఎక్స్ కిరణాలు పుడతాయి, రాంట్‌జెన్‌కు అలాగే కనిపించాయి. కాబట్టి వెలుగు స్తంభం కనిపించే పీడనం దగ్గరే ఆగాలి, ఇంకా దించకూడదు. నాళం ముందు మందపాటి అక్రిలిక్ అడ్డు ఉండాలి, గాజు పగిలితే లోపలికి పేలుతుంది. ఎర్త్ కోసం కొత్త గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, మెగ్గరుతో కొలవాలి. సార్ లేకుండా పిల్లలు మెయిన్ స్విచ్ ముట్టుకోకూడదు.

మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులు ఇక్కడ నలుగురైదుగురున్నారు. పొగ గొట్టంలో దుమ్ము పట్టే విద్యుత్ అవక్షేపక యంత్రాలు మీవి. పదుల వేల వోల్టులు, తీగ చుట్టూ గాలిని అయనీకరించడం, ఎర్తింగు, మీకు రోజువారీ పని. నాకంటే మీకే బాగా తెలుసు. ఏడాదికి రెండుసార్లు మీలో ఒకరు వచ్చి వైరింగు చూసి సంతకం పెట్టగలిగితే సార్లకు ధైర్యం ఉంటుంది. పంపుకు ఏడాదికోసారి నూనె మార్చాలి. మార్చకపోతే రెండేళ్లలో అది కూడా బెంచీల కిందికి పోతుంది. ఆ బాధ్యతకు సమావేశంలో నా పేరు రాసుకోండి, సంక్రాంతికి ఎలాగూ వస్తాను. ఇక తేలాల్సింది ల్యాబు తాళంచెవి ఆఫీసు గదిలో ఉండాలా, సైన్సు సార్ దగ్గర ఉండాలా అన్నది. సైన్సు సార్ దగ్గరే ఉండాలని, బెంచీలు వేరే చోటికి పోవాలని తీర్మానంలో రాయాలని నా ప్రతిపాదన. సాయంత్రం నాలుగింటికి సమావేశం.